పెయింటు బకెట్టులో ఉసిరిమొక్క

అడవిలోకి మొక్కను మోసుకెళ్ళే మనుషులుంటారని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఆ మొక్క ఉన్న బకెట్టుని ఒకవైపు మా ఆయన, రెండోవైపు నేనే పట్టుకుని మోశాం కాబట్టి నమ్మక తప్పదు. ఆ రోజు మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. న్యాయంగా మాట్లాడితే, వాళ్ళ స్థానంలో నేనుంటే నవ్వడంతో ఆగేదాన్ని కాదు, ఫోను తీసి వీడియో కూడా తీసేదాన్ని.

మేముండేది విశాఖపట్నంలో, స్టీలు ప్లాంటు క్వార్టర్స్‌లో. అక్కడి నుంచి చిన్న చిన్న ఊళ్ళు దాటుకుంటూ దక్షిణంగా వెళితే మూడు వైపులా కొండలు, మధ్యలో చూపు ఆననంత పెద్ద మంచినీళ్ళ చెరువు వస్తాయి. దాన్ని అక్కడివాళ్ళు ఆవ అంటారు. చలికాలం ఎక్కడెక్కడి నుంచో పక్షులొచ్చి దిగుతాయని ఆ ఆవనీ, దాన్ని ఆనుకుని ఉన్న అడవినీ రక్షిత ప్రాంతం చేసి, గేటు పెట్టి, గార్డుల్ని పెట్టారు. ఏ ఆవో మాత్రం చెప్పను. చెబితే ఆ గేటు దగ్గరున్నాయన గుర్తుపడతాడు. మా వల్ల ఆయన పడింది చాలు.

సంగతంతా మా అత్తగారికీ, ఆవిడ చెల్లెలికీ మధ్య. ఇద్దరూ గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళే. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరి భర్తలకీ విశాఖలోనే ఉద్యోగాలు దొరికాయి, మావయ్యగారికి స్టీలు ప్లాంటులో, చిన్నమావయ్యగారికి పోర్టులో. అత్తగారు క్వార్టర్స్‌లో గోదావరి వాళ్ళ మధ్యే ఉండిపోయి ఇప్పటికీ అవునన్నదానికల్లా ‘ఆయ్’ అంటుంది. మల్కాపురంలో ఇల్లు కట్టుకున్న చిన్నత్తగారు మాత్రం ఆ వీధి భాష పట్టేసి ‘నాను’, ‘ఏటి’ అంటుంది. చెల్లెలి భాష పాడైపోయిందని అక్కకి దిగులు. అక్క ఇంకా నిన్ననే రైలు దిగినట్టు మాట్లాడుతుందని చెల్లెలికి నవ్వు.

ఏటా కార్తీకంలో ఇద్దరూ కలిసి ఉసిరికాయ పచ్చడి పెట్టేవారు. రెండిళ్ళకీ ఒకటే జాడీ. మూడేళ్ళ కిందట ఆ జాడీకి బూజు పట్టింది. చెల్లెలు తడి చెయ్యి పెట్టిందని అక్క అంది. అక్క బీపీకి భయపడి ఉప్పు తగ్గించేసిందని చెల్లెలు అంది. ఇది వంటింట్లో అయిపోవలసిన విషయం. కానీ మా అత్తగారు ఊరుకుంటేగా. తగరపువలసలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాల బంతిలో, సరిగ్గా ఊరగాయ వడ్డించే వేళకి, ‘మా చెల్లి చెయ్యి తగలకపోతే ఏ పచ్చడైనా నిలవుంటది’ అంది. బంతి బంతంతా నవ్వింది. చిన్నత్తగారు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బస్సెక్కేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే పూర్తిగా లేవని కాదు, మధ్యలో నేనున్నానుగా. చిన్నత్తగారు నాకు ఫోన్ చేసేది. పక్కనే అత్తగారు కూర్చుని, గోడకేసి చూస్తూ, ‘మందులేసుకుంటుందో లేదో అడుగు, నేను అడగమన్నానని చెప్పకు’ అనేది. అటు నుంచి చిన్నత్తగారు, ‘మీ అత్త పక్కనే ఉన్నాదేటి? మోకాళ్ళకి నూనె పంపిత్తన్నాను, నాను పంపానని సెప్పకు, నువ్వు కొన్నావని సెప్పు’ అనేది. ఆ నూనె రాసుకుంటూ అత్తగారు ‘ఇన్నాళ్ళకి నీకు మంచి వస్తువు కొనడం వచ్చింది అమ్మాయ్’ అని నన్ను మెచ్చుకునేది. తిట్లొస్తే సగం నేను మింగేసి, మిగతా సగం మెత్తగా చేసి అందించేదాన్ని. ఇద్దరూ కలిసి నా తల తినేశారు.

అలాగే ఇంకో పదేళ్ళు గడిచిపోయేదేమో. కిందటి కార్తీకంలో చిన్నత్తగారి గుండెలో రక్తనాళాలు మూసుకుపోయాయని, ఆపరేషన్ చెయ్యాల్సిందేనని డాక్టర్లు తేల్చారు. వచ్చే గురువారం అని రోజు కూడా చెప్పేశారు. ఆవిడ నాకు ఫోన్ చేసి కూరగాయల ధరల గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి చాలాసేపు మాట్లాడి, ఆఖర్న అసలు సంగతికొచ్చింది.

‘ఆపరేసన్‌కి నాను సిద్ధవేనమ్మా. కానీ అక్క ఒక్క మాట మాట్లాడకుండా ఆ బల్ల మీద పడుకోడానికి మనసొప్పట్లేదు. మాట్లాడమని నువ్వు దాన్ని అడక్కు. దానికది మాట్లాడాల.’

అడగొద్దన్నా నేను అడిగాను. అత్తగారు విని, మగ్గు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసింది. పొద్దున్నే ఒకసారి పోసిన మొక్కలకే మళ్ళీ పోసింది. చెల్లెలి గుండె కోసి తెరుస్తామంటున్నారు, ఈవిడ మగ్గు పట్టుకుని తిరుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట కాఫీ కూడా ఇవ్వలేదు ఆవిడకి.

ఇంక నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. అక్క మల్కాపురం గడప తొక్కదు, చెల్లెలు క్వార్టర్స్ మెట్టెక్కదు. ఇద్దరిదీ కాని చోటు కావాలి. కార్తీకమాసం కదా, వనభోజనం అంటే ఇద్దరూ కాదనలేరు, పుణ్యం పోతుందని భయం. మా క్వార్టర్స్ పార్కులో ఉసిరిచెట్లున్నాయి కానీ, కార్తీకంలో అక్కడ ప్రతి చెట్టు కిందా మాకు తెలిసిన కుటుంబం ఒకటుంటుంది. వాళ్ళ ముందు ఈ ఇద్దరూ ఇంకా బిగుసుకుపోతారు. అప్పుడు మా ఆయన ఆవ పేరెత్తాడు. ‘అంత అడవిలో ఒక్క ఉసిరిచెట్టు ఉండదా’ అన్నాడు.

వనభోజనం ఉసిరిచెట్టు కిందే చెయ్యాలి. అది లేకపోతే అడవిలో తిన్నా హోటల్లో తిన్నా ఒకటేనని అత్తగారి పట్టు. పైగా చెట్ల విషయంలో కొడుకు మాట మీద ఆవిడకి బొత్తిగా నమ్మకం లేదు, ఒకసారి గుమ్మానికి మామిడాకులు తెమ్మంటే జీడిమామిడి ఆకులు తెచ్చి కట్టిన ఘనుడాయన. అందుకని ఆదివారం పొద్దున్న మేము బయల్దేరే వేళకి, బాల్కనీలో ఉండే ఉసిరిమొక్కని ఎలా ఈడ్చుకొచ్చిందో గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, పక్కన నిలబడింది. పాత పెయింటు బకెట్టు, అందులో నా నడుమెత్తు మొక్క.

‘ఇదెందుకు అత్తయ్యా?’ అన్నాను.

‘చెట్టు.’

‘మనం వెళ్ళేది అడవికి.’

‘అడవిలో ఉంటే మంచిదే. లేకపోతే మన చెట్టు మనకుంటది. ఊళ్ళో హోటళ్ళున్నాయని నువ్వు క్యారేజీ కట్టడం మానేశావా?’

నేను బకెట్టు ఒకవైపు పట్టుకున్నాను, మా ఆయన రెండోవైపు పట్టుకున్నాడు. 

డిక్కీలో క్యారేజీలూ చాపలూ ఉండటం వల్ల మొక్క వెనక సీట్లోనే పట్టింది. గాజువాకలో చిన్నత్తగారు ఎక్కింది. ఇటు అక్క, అటు చెల్లి, మధ్యలో మొక్క. ఒకరి మొహం ఒకరికి కనబడకుండా కొమ్మలు. ఈ ఏర్పాటు ఇద్దరికీ నచ్చినట్టే ఉంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నాలుగు చేతులూ ఒకేసారి బకెట్టు అంచు పట్టుకునేవి. వేళ్ళకి వేళ్ళు తగలగానే ఇద్దరూ వదిలేసేవారు, బకెట్టు ఒరిగేది, మట్టి కొంత సీటు మీద పడేది. మా ఆయన కారుని ప్రాణంగా చూసుకుంటాడు. దారంతా అద్దంలో ఆ మట్టినే చూసుకుంటూ నడిపాడు పాపం.

గేటు దగ్గర పెద్దవయసు గార్డు ఒకాయన మా సంచులు చూశాడు. ప్లాస్టిక్ లేదు, మందు సీసాలు లేవు. దీపం పెట్టడానికి అత్తగారు దాచి తెచ్చిన అగ్గిపెట్టె దొరికితే తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత బకెట్టు దగ్గర ఆగాడు.

‘ఇదేటమ్మా?’

‘ఉసిరి. వనభోజనానికి,’ అంది అత్తగారు.

ఆయన ఎదురుగా ఉన్న కొండల్నీ, కొండల మీదున్న అడవినీ ఒకసారి చూసి, మళ్ళీ బకెట్టు చూశాడు. ‘మాకాడ సెట్లు సాల్లేదనా?’ అన్నాడు. మొక్కలు తేకూడదని ఆయనకెవరూ చెప్పి ఉండరు, ఎవరైనా తెస్తారని ఎవరికైనా తోస్తే కదా చెప్పడానికి. తల గీరుకుని వెళ్ళమన్నాడు.

లోపల మా ఆయన ఉత్సాహంగా ముందు నడిచి ఇదిగో ఉసిరి అని చూపించిన మొదటి చెట్టు తుమ్మ. రెండోది చింత. మూడోది చూపించబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపింది. తను తెచ్చిన మొక్క వైపు గర్వంగా చూసింది. ఇంక తప్పదని ఆవ ఒడ్డున చాపలు పరిచాం.

నడుమెత్తు మొక్క కింద నలుగురు కూర్చోవడం ఎలాగో మీరే చెప్పండి. ఒక పెద్ద రాయి మీదికి బకెట్టు ఎక్కించాం. అప్పుడు నీడ పడింది, రెండు విస్తళ్ళకి సరిపోయేంత. అత్తగారు కాసేపు ఆలోచించి శాస్త్రాన్ని అక్కడికక్కడే సవరించింది. ‘మనిషి మీద పడకపోయినా పరవాలేదు, అన్నం మీద పడితే చాలు’ అంది. పెద్దవాళ్ళు కాబట్టి అక్కాచెల్లెళ్ళ విస్తళ్ళు నీడలో, ఆనుకుని పక్కపక్కనే. కోడల్నీ కొడుకునీ ఎండలో వదిలేశారు. పొద్దు కదిలేకొద్దీ నీడ కదిలింది. నీడ వెంట విస్తళ్ళు లాక్కుంటూ ఇద్దరూ జరిగారు, పరమాన్నం దగ్గర మొదలుపెట్టినవాళ్ళు పెరుగన్నానికి మూరెడు దూరం వెళ్ళిపోయారు. పక్కన కూర్చున్న కుటుంబం తినడం ఆపేసి మమ్మల్నే చూస్తోంది.

‘దప్పళంలో ఉప్పు సరిపోయిందేమో అడుగు,’ అంది అత్తగారు నాతో.

ఆ ఉప్పు అన్న మాటకి నేను ముద్ద విస్తట్లో పెట్టేశాను. చిన్నత్తగారు కూడా తినడం ఆపి, ‘సెప్పమ్మా, డాట్రు నన్ను ఉప్పు మానేమన్నాడు. నాను దప్పళం ముట్టలేదు, ఎలాగుందో నాకేటి తెలుసు’ అంది.

అత్తగారు సంచిలోంచి ఇంకో చిన్న గిన్నె తీసి నా చేతికిచ్చింది. ‘ఇది ఉప్పెయ్యకుండా వండాను. ఎవరికైనా కావాలేమో అడుగు’ అంది, కొండల వైపు చూస్తూ. ఉప్పు మానేసినవాళ్ళు అక్కడ ఒక్కరే ఉన్నారు. చిన్నత్తగారు ఆ గిన్నె ఖాళీ చేసి, మూత పెట్టి, నాకే తిరిగిచ్చింది. ఇంత దగ్గరికొచ్చి, ఇంత ప్రేమ పెట్టుకుని, ఒక్క మాట రాదు ఇద్దరి నోటా. వాళ్ళని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది నాకు.

తిన్నాక దోనె ఎక్కితే ఏమైనా కరుగుతారని ఆశపడ్డాను. అక్కడి దోనె అంటే రెండు తాటిమానులు తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టేసింది. దోనె నడిపే ఆయన అత్తగారినీ నన్నూ ఒక మానులో, చిన్నత్తగారిని రెండో మానులో కూర్చోబెట్టి, తను ఆవిడ వెనక నిలబడి గెడ పట్టుకున్నాడు. మా ఆయన మొక్కకి కాపలాగా ఒడ్డునే ఉండిపోయాడు.

‘ఇటు సూడండి పెద్దమ్మలూ,’ అన్నాడు ఆయన. ‘ఎవులైనా కదిలితే రెండో ఆలికి సెప్పి కదలండి. సెప్పకుండా కదిలితే అందరం కలవపూలల్లోకి ఎల్తాం.’

చుట్టూ కలువలు, ఆకుల మీద గంతులేస్తున్న చిన్న నీటికోళ్ళు, దూరంగా బాతులు గుంపులు గుంపులుగా. చాలా బాగుంది. అంతలో అత్తగారి కాలు తిమ్మిరెక్కింది.

‘అమ్మాయ్, నేను కదులుతున్నానని చెప్పు.’

‘చిన్నత్తయ్యా, అత్తయ్య కదులుతోంది.’

‘ఎటేపో అడుగు.’

‘ఎటువైపు అత్తయ్యా?’

‘కుడివైపని చెప్పు.’

ఈ కబురు నా దగ్గర నుంచి అటు చేరేలోపు అత్తగారు కదిలేసింది, చిన్నత్తగారు కంగారుపడి తనూ అటే ఒరిగింది. దోనె గిర్రున తిరిగింది. నీళ్ళు నా ఒళ్ళోకొచ్చాయి, బాతులన్నీ ఒక్కసారి లేచి కొండ వైపు ఎగిరిపోయాయి. రక్షిత ప్రాంతంలో పక్షుల్ని బెదరగొట్టకూడదని బోర్డు ఉంది, అది కూడా మా లెక్కలో పడింది. దోనె ఆయన గెడ గుచ్చి ఆపి, వంగి నన్నడిగాడు.

‘ఈలిద్దరికీ సెవుడేటమ్మా?’

‘కాదు. అక్కాచెల్లెళ్ళు.’

‘అలాగా,’ అన్నాడు. ఇంకేం అడక్కుండా ఒడ్డుకి తిప్పేశాడు.

పొద్దు వాలింది. ఒక్క మాట లేదు. గురువారం ముంచుకొస్తోంది. తడిచీరతో, ఎండకి మాడిన మొహంతో నేను బకెట్టు ఒకవైపు పట్టుకుని గేటు వైపు నడుస్తుంటే ఏడుపొచ్చినంత పనయింది. వెనక అక్క ఒక పక్క, చెల్లి ఒక పక్క, మధ్యలో ఇంకో కుటుంబం పట్టేంత ఖాళీ వదిలి నడుస్తున్నారు.

గేటు దగ్గర డ్యూటీ మారింది. పొద్దుటాయన లేడు, కొత్తగా చేరినట్టున్న గార్డు ఒకాయన ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు. మా బకెట్టు చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

‘మొక్క దించండి. లోపలున్నది ఏదీ బయటికెల్లడానికి లేదు. ఆకైనా, ఈకైనా.’

‘ఇది లోపలిది కాదు, మాది. పొద్దున్న మేమే తెచ్చుకున్నాం,’ అన్నాను.

‘అడివిలోకి మొక్క తెచ్చారా?’

‘తెచ్చాం.’

‘ఎందుకు?’

చెప్పాను. అలా గట్టిగా బయటికి చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన తప్పేం లేదు. పొద్దుటాయనకి ఫోన్ చెయ్యమన్నాం, చేశాడు. ఆయన అవతలి ఒడ్డుకి వెళ్ళాడట, సిగ్నల్ లేదు.

‘బకెట్టు చూడండి, పెయింటు బకెట్టు. అడవిలో చెట్లు పెయింటు బకెట్లలో మొలుస్తాయా?’ అన్నాను.

‘బకెట్టు మీదే మేడమ్, కాదన్లేదు. ఆ సెట్టు ఎవులిదన్నదే ఇక్కడ కొచ్చెను.’

అప్పుడు మా ఆయన ముందుకొచ్చాడు. ఇంతసేపూ ఆలోచిస్తున్నాడట. కారులో ఫోను నిలబెట్టడానికి అతికించిన అయస్కాంతం ఊడదీసి తెచ్చి, బకెట్టు మట్టిలో పొర్లించి పైకెత్తాడు. నల్లటి రజను మీసాల్లా అంటుకుంది. ‘చూశారా. ఇనుము. ఇది స్టీలు ప్లాంటు మట్టి, మీ అడవి మట్టి కాదు’ అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి అంత గర్వపడటం అదే మొదటిసారి. గార్డు నెమ్మదిగా అయస్కాంతం అందుకుని, తుడిచి, గేటు పక్కన నేల మీద పొర్లించాడు. దానికీ మీసాలొచ్చాయి, మా మట్టికంటే ఎక్కువే వచ్చాయి.

‘ఈ నేలంతా నల్ల ఇసకే సార్. ఎక్కడ ఎట్టినా అంటుకుంటాది,’ అని అయస్కాంతం తిరిగిచ్చేశాడు. నా గర్వం అక్కడితో సరి.

వెనక జనం చేరారు. మధ్యాహ్నం మా నీడ ప్రయాణం చూసిన కుటుంబం కూడా వచ్చి నిలబడింది. అత్తగారు గేటు పక్కనున్న అరుగు మీద కూర్చుని, మొక్క లేకుండా కదిలేది లేదంది. గార్డుకీ ఇది తెమిలేలా కనబడలేదు.

‘సరే పెద్దమ్మా, మీదే అంటన్నారు కదా. ఎవులు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అదైనా సెప్పండి.’

‘నేనే పెట్టాను. మూడేళ్ళయింది. మా బాల్కనీలో, ఈ బకెట్టులోనే, నా చేత్తో నేనే గింజేశాను,’ అంది అత్తగారు.

చిన్నత్తగారి మెడ ఇటు తిరిగింది.

‘నువ్వేసావేటక్కా?’

గేటు దగ్గరున్న ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. నాకూ మా ఆయనకీ తెలిసింది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. మూడేళ్ళ తర్వాత మొదటి మాట, అదీ అక్క చెప్పిన తప్పు దిద్దడానికి.

‘పచ్చడికని తెచ్చిన కాయల్లో నాలుగు మిగిలితే ఎండబెట్టి, గింజలు కొట్టి, ఆ బకెట్టులో ఏసింది నాను. నువ్వు బట్టలు నానెయ్యడానికి బకెట్టు లేదని గోల సేసావు. మరిసిపోయావేటి?’

‘మర్చిపోతే మూడేళ్ళు నీళ్ళెందుకు పోస్తానే?’ అంది అత్తగారు అరుగు మీద నుంచి లేచి. ‘నువ్వేసిందని తెలియకే పోశాననుకున్నావా?’

చిన్నత్తగారు వంగి మొక్కని కిందినుంచి పైదాకా చూసింది. గార్డు ఆ సందులో దూరాడు. ‘అంటే ఇందాక మీరు నాకు అబద్ధం సెప్పారన్నమాట’ అన్నాడు అత్తగారితో.

‘నువ్వాగు బాబూ,’ అన్నారు ఇద్దరూ.

ఇంక మొదలయింది. తడి చెయ్యి, ఉప్పు, తగరపువలస బంతి, బస్సెక్కిపోవడం, ఆ బస్సులో చిన్నత్తగారికి సీటు దొరక్కపోవడం, మూడేళ్ళలో నేను మింగేసిన సగం తిట్లు కూడా కొత్తవి చేసుకుని తిట్టుకున్నారు. గార్డు ఇటూ అటూ తల తిప్పి వింటూ, అలవాటు కొద్దీ విచారణ చెయ్యడం మొదలుపెట్టాడు.

‘ఒక్క నిమిసం. కాయలు కడిగాక ఎండలో ఆరబెట్టారా?’ అన్నాడు.

ఇద్దరూ ఆగి ఆయన వైపు తిరిగారు.

‘మాయమ్మ పూటంతా ఆరబెడతాది. తడి కాయకి కూడా బూజు పడతాది మరి. మీరిద్దరూ సరిగ్గా ఆరబెట్టలేదేమో అని…’

‘నీకెన్నేళ్ళు?’ అంది అత్తగారు.

‘జాడీ ఎప్పుడైనా కడిగావేటి నువ్వు?’ అంది చిన్నత్తగారు.

‘మేం పుట్టినప్పటి నుంచి పచ్చళ్ళు పెడుతున్నాం. మాకు ఆరబెట్టడం నేర్పుతాడంట ఇతను.’

‘సూడక్కా, ఇస్త్రీ సొక్కా ఏసుకుని ఎంత మాటన్నాడో.’

‘ఆయ్. వాళ్ళమ్మ పచ్చడి ఒకసారి తెమ్మను, మనం చూద్దాం.’

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు, వీళ్ళిద్దరూ రెండడుగులు ముందుకేశారు, భుజానికి భుజం ఆనించి. ఆయన గేటు బార్లా తెరిచి, ‘తీసుకెల్లిపోండమ్మా. సెట్టు మీదే, బకెట్టు మీదే, తప్పు నాది’ అన్నాడు. వెనకున్న జనం చప్పట్లు కొట్టారు. ఆయనకి ఆ పూట టీ తాగే ఓపిక కూడా మిగిలి ఉండదు.

తిరుగు ప్రయాణంలో మొక్కని నా కాళ్ళ దగ్గరికి మార్చారు, వెనక సీట్లో దెబ్బలాడుకోవడానికి అడ్డమని. గాజువాక దగ్గర పడేదాకా దెబ్బలాడుకున్నారు. తర్వాత కొంచెంసేపు మాటల్లేవు. మళ్ళీ మొదటికొచ్చిందేమోనని నేను భయపడి వెనక్కి తిరగబోతుంటే చిన్నత్తగారి గొంతు వినబడింది, బాగా సన్నగా.

‘నాకు బయమేస్తంది అక్కా.’

‘నోరు మూసుకుని పడుకో. ఇల్లొచ్చాక లేపుతాను,’ అంది అత్తగారు. చెల్లెలి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. గాజువాకలో ఆపొద్దని, నేరుగా మల్కాపురం పోనిమ్మని కొడుక్కి చెప్పింది.

గురువారం పొద్దున్నే అత్తగారు మంచి చీర కట్టుకుని అందరికంటే ముందు ఆసుపత్రికి తయారయింది. చెల్లెలి తల దువ్వి జడ వేసింది, చిన్నమావయ్యగారికి మందుల వేళలు అప్పజెప్పించింది, నర్సుతో స్నేహం చేసింది. స్ట్రెచర్ వచ్చింది. ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా పక్కనే నడిచాం. చిన్నత్తగారు అక్క చెయ్యి పట్టుకుని, ‘వత్తానక్కా’ అంది. నాకు కళ్ళు మసకబారాయి. అత్తగారు వంగింది, ముద్దు పెట్టుకుంటుందేమో అనుకున్నాను.

‘ఏమే, నీ పెళ్ళిచూపులనాడు మీ ఆయనకి మంచినీళ్ళు ఇచ్చింది నేను కదా. నన్ను చూసే పిల్ల నచ్చిందని చెప్పేశాడంట. తర్వాత నిన్ను చూపించారు. ఇన్నేళ్ళూ పోనీలే పాపమని చెప్పలేదు.’

చిన్నత్తగారు దిండు మీద నుంచి తల ఎత్తింది. ‘ఏటీ?’

‘ఆయ్. మీ అత్తగారే నాతో చెప్పింది.’

‘అబద్దం. బాబూ, ఆపండి, బండి ఆపండొకసారి…’

తోసేవాళ్ళు ఆపలేదు. ‘ఏటండీ, నిజవేనా’ అని ఆవిడ భర్తని అడగడం వినబడుతుండగానే తలుపు మూసుకుంది.

నాకు పట్టలేనంత కోపమొచ్చింది. ‘ఇదా అత్తయ్యా సమయం? మీకు మనసనేది ఉందా?’ అన్నాను, అంతమందిలోనే.

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ‘మూడేళ్ళూ కోపమే అమ్మాయ్. ఆపరేషన్ అన్నప్పటి నుంచి మాత్రం కోపం కాదు, భయం. అన్నీ మాట్లాడేసుకుని, సర్దేసుకుంటే దానికి ఇంక తిరిగి రావాల్సిన పనేముంటది? అందుకే నోరు కట్టుకుని కూర్చున్నాను. ఆ గేటు దగ్గర నిలవలేకపోయాను. ఇప్పుడు చూడు, నాకు సమాధానం చెప్పకుండా అది ఎక్కడికీ పోదు.’

ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. కాసేపయ్యాక ఉండబట్టలేక అడిగాను. ‘అది నిజమేనా?’

‘నిజమెలా అవుద్ది? అప్పటికి మీ ఆయన నా కడుపులో ఉన్నాడు. ఎనిమిదో నెల.’

మర్నాడు పొద్దున్న నర్సు బయటికొచ్చి, అక్కగారంటే ఎవరని అడిగింది. ‘పేషెంటుకి బాగానే తెలివొచ్చింది. మాట్లాడొద్దంటే వినట్లేదు, మిమ్మల్ని పంపమంటన్నారు’ అంది.

అత్తగారు లేచి నిలబడింది. ‘కోపంగా ఉందా?’

‘చాలా,’ అంది నర్సు.

అత్తగారు మళ్ళీ కుర్చీలో కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.